పఫిన్లా, గాలిమరలా, అడవి గుర్రాలా: ఇంగ్లండ్ వేసవిలో కెమెరా పట్టుకుని ఎటు వెళ్ళాలి?

ఇంగ్లండ్‌లో బడులకు పెద్ద సెలవులు జూలై ఆఖరి వారాల్లో మొదలవుతాయి. దాదాపు ఆ వారాల్లోనే పఫిన్ పక్షులు బొరియలు ఖాళీ చేసి నడిసముద్రానికి వెళ్ళిపోతాయి. ఈ ముక్క తెలియక కొన్నేళ్ళ కిందట అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంటేసుకుని నాటింగ్‌హామ్ నుంచి నాలుగు గంటలకు పైగా కారు నడిపి, ఆగస్టు రెండో వారంలో నార్తంబర్లాండ్ తీరానికి వెళ్ళాను. పడవ ఎక్కాం. రాళ్ళ మీద పడుకున్న సీళ్ళు కనిపించాయి, కోట కనిపించింది. అమ్మ మాత్రం "ఆ ఎర్రముక్కు పిట్టలేవిరా?" అని తిరిగి ఒడ్డుకొచ్చేదాకా అడుగుతూనే ఉంది. ఇంటి దగ్గర నెల రోజులు వాటి ఫొటోలు చూపించి ఊరించింది నేనే మరి.

ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "అమ్మానాన్న వస్తున్నారు, లండన్ చూపించేశాం, పల్లెల వైపు ఫొటోలకు బాగుండే చోటు చెప్పు" అంటే, నేను అడిగే మొదటి మాట "ఏ నెలలో వస్తున్నారు?" అనే. ఊరి పేరు ఆ తర్వాతే. కాలం తప్పితే ఎంత పేరున్న చోటైనా ఒట్టి చేతులతో పంపిస్తుంది.

రెండో లెక్క వెలుతురుది. జూన్‌లో ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు మధ్య పొద్దు పొడుస్తుంది, రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. పక్షులకీ జంతువులకీ పొద్దున్న మంచిది. పాత రాతికట్టడాలకు సాయంత్రపు ఏటవాలు ఎండ మంచిది, రాతి మీది చెక్కుడు, గరుకు అప్పుడే తేలతాయి. నడిమధ్యాహ్నం బయట ఫొటోలన్నీ తెల్లగా పాలిపోతాయి కాబట్టి ఆ వేళ పాత చర్చి లోపల గడపడం మేలు. అందుకే నేను చోటు ఎంచుకునేటప్పుడు ప్రాణీ, పాత కట్టడమూ అరగంట దూరంలోపు ఉన్నాయా అని చూస్తాను. అలా లేకపోతే మంచి వెలుతురంతా కారు అద్దాల మీద పడి పోతుంది.

మే చివర, జూన్: ఫార్న్ దీవులా, బెంప్టన్ కొండలా?

సముద్రపక్షుల కోసం ఎక్కువమంది తేల్చుకోవలసింది ఈ రెండింటి మధ్యే. మే చివర బడులకు వారం రోజుల హాఫ్ టర్మ్ సెలవులుంటాయి. పిల్లలున్న ఇళ్ళకు పఫిన్లు దొరికేది ఆ వారంలోనూ జూన్ శని ఆదివారాల్లోనూ. జూలై మొదటి పక్షం దాకా ఫర్వాలేదు, ఆ పైన రోజులు లెక్కపెట్టుకోవాలి.

ఫార్న్ దీవులు నార్తంబర్లాండ్‌లో సీహౌసెస్ రేవు ఎదురుగా సముద్రంలో ఉంటాయి. ప్రకృతినీ పాత కట్టడాలనీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాటిని చూసుకుంటుంది. నలభై వేల జతలకు పైగా పఫిన్లు అక్కడ గూళ్ళు పెడతాయి. ఇన్నర్ ఫార్న్ ద్వీపంలో దిగి నడవనిస్తారు. అక్కడ పఫిన్ మీకు ఎంత దగ్గరగా వస్తుందంటే, ముక్కున వేలాడుతున్న చేపపిల్లల కళ్ళు కూడా ఫొటోలో కనిపిస్తాయి. శాండ్ ఈల్ అనే సన్నటి చేపల్ని అడ్డంగా వరసగా కరుచుకుని వచ్చి, చెక్కబాటకు అడుగు దూరంలో వాలి, గల్ పక్షులు లాక్కోకముందే బొరియలోకి దూరిపోతుంది. అదంతా నాలుగైదు సెకన్లలో జరిగిపోతుంది. అది ఎగిరి వచ్చేదాకా ఆగి కెమెరా ఎత్తితే అందదు. ఒక బొరియ ఎంచుకుని, దాని నోటి మీద ఫోకస్ పెట్టి నిలబడాలి. షట్టర్ సెకనులో రెండువేలో వంతుకు తగ్గకూడదు.

పక్కనే ఆర్కిటిక్ టెర్న్‌లు. నడిచే బాట అంచునే గుడ్లు పెడతాయి, మనం అటుగా వెళ్తే నెత్తి మీద పొడుస్తాయి. టోపీ లేకుండా వెళ్తే రక్తం కూడా వస్తుంది. పొడిపించుకున్నా నాకు వాటి మీద కోపం రాలేదు. ఈ దీవుల నుంచి బయలుదేరిన ఒక టెర్న్‌కి చిన్న యంత్రం కట్టి చూస్తే, అది అంటార్కిటికా దాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి 96,000 కిలోమీటర్లు తిరిగిందని తేలింది. అంత దూరం తిరిగి వచ్చి పెట్టిన గుడ్డు పక్కన మనం బూట్లతో నిలబడతాం, పొడవక ఏం చేస్తుంది?

ఇక చరిత్ర. సెయింట్ కత్‌బర్ట్ అనే సన్యాసి ఈ ద్వీపంలోనే ఒంటరిగా ఉండి 687లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన పేరిట ఉన్న చిన్న చర్చి టెర్న్‌ల గూళ్ళకు నాలుగడుగుల్లోనే ఉంది. ఈడర్ బాతుల్ని ఆ తీరంలో ఇప్పటికీ ఆయన ముద్దుపేరుతో "కడీ బాతులు" అంటారు. 1838లో ఫర్ఫార్‌షైర్ అనే ఓడ రాళ్ళకు తగిలి మునిగితే, లాంగ్‌స్టోన్ లైట్‌హౌస్ కాపలాదారు కూతురు గ్రేస్ డార్లింగ్, ఇరవై రెండేళ్ళ పిల్ల, తండ్రితో కలిసి తుపానులో చిన్న పడవ వేసుకుని వెళ్ళి మనుషుల్ని కాపాడింది. ఎర్రటి ఆ లైట్‌హౌస్ పడవలోంచి ఫొటోకి బాగా వస్తుంది. సాయంత్రం బాంబరా ఊరి ఇసుకతీరంలో నిలబడితే, నల్లరాతి గుట్ట మీది కోట మొత్తం తడి ఇసుకలో తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ ఫోన్ చాలు.

మరి ఇబ్బందులు? పడవ. గాలి లేస్తే ప్రయాణం రద్దు చేస్తారు, ఎంత దూరం నుంచి వచ్చామన్నది సముద్రానికి పట్టదు. ద్వీపం మీద దిగాక ఉండనిచ్చేది సుమారు గంట. దిగేచోట మెట్లు తడిగా, జారుడుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కష్టం. ద్వీపంలో దిగే రుసుము పడవ టికెట్టులో కలిసి ఉందో లేదో ముందే అడగండి. 2022లో బర్డ్ ఫ్లూ వచ్చి పక్షులు రాలిపోయినప్పుడు దిగడం ఆపేశారు, 2024లో మళ్ళీ మొదలుపెట్టారు. కాబట్టి వెళ్ళే ముందు ఆ ఏటి పరిస్థితి చూసుకోవాలి. ఉత్తరాన ఉన్న లిండిస్‌ఫార్న్ కూడా కలుపుకుందాం అనుకుంటే, అక్కడికి వెళ్ళే రోడ్డు పోటు వేళ నీళ్ళలో మునిగిపోతుందని మరవొద్దు. ఆటుపోట్ల పట్టిక చూడకుండా బయలుదేరి కార్లు మునిగినవాళ్ళు ఉన్నారు.

బెంప్టన్ దారి వేరు. ఈస్ట్ యార్క్‌షైర్‌లో సముద్రం అంచున వంద మీటర్ల ఎత్తున నిలబడ్డ తెల్లటి సుద్దకొండలు అవి. ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షుల రక్షణ సంస్థ వాళ్ళ రిజర్వు. వేసవిలో అయిదు లక్షల దాకా సముద్రపక్షులు చేరతాయి. పడవ అక్కర్లేదు, కొండ అంచున కంచె వెంబడి నడుస్తూ చూడడమే. పక్షుల్ని చూడడానికి కట్టిన దగ్గరలోని వేదికల దాకా చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. వాసన మాత్రం చేపల మార్కెట్టును మించి ఉంటుంది, ముందే చెబుతున్నాను.

ఇక్కడ పఫిన్లున్నా రాతి పగుళ్ళలో గూళ్ళు పెడతాయి కాబట్టి అంతంత దూరాన చుక్కల్లా కనిపిస్తాయి. పఫినే కావాలని పట్టుబట్టి బెంప్టన్ వెళ్తే సగం నిరాశే. బెంప్టన్‌కి రారాజు గ్యానెట్. ఆరడుగుల రెక్కలు, పసుపు పూసినట్టుండే తల, నీలి గీత గీసిన కన్ను. ఇంగ్లండ్ ప్రధాన భూభాగం మీద గ్యానెట్లు గూళ్ళు పెట్టే చోటు ఇదొక్కటే. కొండను గుద్దుకుని పైకి లేచే గాలిలో అవి రెక్కలు కదపకుండా మన కంటి ఎత్తున నిలబడిపోతాయి. ఫొటోలు నేర్చుకుంటున్నవాళ్ళకు అంతకన్నా దయగల పక్షి ఇంకొకటి ఉంటుందనుకోను. 200 ఎం.ఎం. లెన్స్‌తో కూడా నిండుగా వస్తుంది. గాలి సముద్రం మీద నుంచి వీచే రోజైతే ఇంకా మేలు.

ఇక్కడి చరిత్ర కూడా పక్షులతోనే ముడిపడి ఉంది, అందుకే నాకు ఈ చోటంటే ప్రత్యేకమైన ఇష్టం. ఒకప్పుడు ఈ ఊళ్ళవాళ్ళు నడుముకు తాడు కట్టుకుని కొండ అంచు నుంచి దిగి గిల్లిమోట్ గుడ్లు ఏరి అమ్ముకునేవాళ్ళు. వాళ్ళను క్లిమ్మర్లు అనేవారు. 1954 పక్షుల రక్షణ చట్టంతో అది ఆగిపోయింది. అంతకు ముందు షికారు పడవల్లో వచ్చి సరదా కోసం వేలల్లో కాల్చేవాళ్ళు, ఈకలు టోపీలకు వెళ్ళేవి. ఆ ఊచకోత చూడలేక జనం గోల చేస్తేనే 1869లో సముద్రపక్షుల చట్టం వచ్చింది. బ్రిటన్‌లో అడవి పక్షుల్ని కాపాడడానికి వచ్చిన తొలి చట్టాల్లో అదొకటి. ఆ కంచె మీద చెయ్యి వేసి కిందికి చూస్తున్నప్పుడు ఇవన్నీ తెలిసి ఉంటే ఫొటో తీసే తీరే మారుతుంది.

కాస్త దూరంలో ఫ్లాంబరా దగ్గర 17వ శతాబ్దంలో సుద్దరాతితో కట్టిన పాత దీపస్తంభం, 1806 నాటి కొత్త లైట్‌హౌస్ ఉన్నాయి. ఇంకోవైపు రడ్‌స్టన్ అనే పల్లె. అక్కడి చర్చి ఆవరణలో 7.6 మీటర్ల ఎత్తున ఒకే నిలువురాయి ఉంది, బ్రిటన్‌లో ఇంతకన్నా ఎత్తైనది లేదు. చర్చి దాని పక్కన వేల ఏళ్ళ తర్వాత వచ్చింది. నాన్న చూడగానే "గుడి ముందు ధ్వజస్తంభంలా ఉందిరా" అన్నారు. నాకైతే నారాయణపేట జిల్లా ముడుమాల్‌లోని నిలువురాళ్ళు గుర్తొచ్చాయి. సాయంత్రం ఏడు దాటాక వెళ్ళండి, రాయి మీద పట్టిన నాచు మచ్చలన్నీ వెలుగుతాయి.

ఇంతకీ ఏది? పెద్దవాళ్ళు వెంట ఉంటే, ఒక్కరోజులో వెళ్ళి రావాలంటే, వాతావరణం మీద నమ్మకం లేకపోతే బెంప్టన్. కనీసం రెండు రాత్రులు అక్కడ ఉండగలిగితే, ఒక పడవ రద్దయినా మర్నాడు ఇంకోటి దొరుకుతుందంటే ఫార్న్. ఒక్కరోజు కోసం లండన్ నుంచి ఫార్న్‌కి పరుగెత్తకండి. కారు లేనివాళ్ళకు బెంప్టన్‌కే రైల్వే స్టేషన్ ఉంది, అక్కడి నుంచి కొండ అంచుకి అరగంట నడక.

జూన్‌లోనే, సముద్రం వద్దనుకుంటే: నార్ఫక్ బ్రాడ్స్

పక్షుల గోల, గాలి, ఎత్తు ఇష్టంలేనివాళ్ళు ఉంటారు. వాళ్ళకు నార్ఫక్‌లోని బ్రాడ్స్. చూడ్డానికి మన కొల్లేరు పక్కన లంకల్లా ఉంటుంది: నీళ్ళు, రెల్లు, పడవలు, మళ్ళీ నీళ్ళు. ఈ చెరువులన్నీ దేవుడిచ్చినవే అని చాలాకాలం అనుకున్నారు. 1950లలో జాయిస్ లాంబర్ట్ అనే వృక్షశాస్త్రవేత్త మట్టి పొరలు తవ్వి పరీక్షించి, ఇవి మధ్యయుగాల్లో జనం పొయ్యిలోకి పీట్ అనే మండే మట్టి తవ్వుకోగా ఏర్పడ్డ గోతులని, తర్వాత నీళ్ళొచ్చి నిండాయని తేల్చింది.

ఇక్కడ వెతకవలసింది స్వాలోటెయిల్ సీతాకోకచిలుక. బ్రిటన్ మొత్తంలో ఇది సంతానం పెంచుకునేది ఈ ప్రాంతంలోనే. దాని గొంగళిపురుగు మిల్క్ పార్స్‌లీ అనే చిత్తడినేల మొక్క తప్ప ఇంకోటి తినదు. మన పెరట్లో నిమ్మచెట్టు మీద, కరివేపాకు మీద పెరిగే సీతాకోకచిలుకకు ఇది దగ్గరి చుట్టమే, రెండూ ఒకే ప్రజాతివి. మనకు పెరట్లో దొరికేదాన్ని ఇక్కడ జనం వందల మైళ్ళు వచ్చి చూస్తారు. మే చివరి నుంచి జూలై మొదటి వారాల దాకా ఉంటుంది, జూన్ మొదటి సగం మంచిది. ఎండ కాయాలి, గాలి ఉండకూడదు. పొద్దున్న తొమ్మిది, పదకొండు మధ్య రెక్కలు వేడిచేసుకోవడానికి తిస్టిల్ పూల మీద విప్పుకుని కూర్చుంటుంది. మబ్బు పడితే ఒక్కటీ కనిపించదు. అది ఇక్కడి అసలు పందెం.

హిక్లింగ్ బ్రాడ్, స్ట్రంప్‌షా ఫెన్, హౌ హిల్ మూడూ దీనికి పేరున్నవే. నా ఓటు హౌ హిల్‌కి. నది ఒడ్డున గాలిమరలు, రెల్లు కోసే కూలీ బతికిన చిన్న ఇల్లు అలాగే మ్యూజియంగా ఉంచిన టోడ్ హోల్ కాటేజ్, అన్నీ నడక దూరంలో ఉంటాయి. అక్కణ్ణించి కాస్త దూరంలో సెయింట్ బెనెట్స్ మఠం. పాడుబడ్డ మఠపు ముఖద్వారం లోపల 18వ శతాబ్దంలో ఎవరో గాలిమర కట్టేశారు. ఇప్పుడు రెండూ శిథిలాలే, ఒకదాని కడుపులో ఒకటి. చుట్టూ పశువులు మేస్తుంటాయి, పక్కన నది, వెనక పొద్దు గుంకుతుంటుంది. నా దగ్గరున్న ఇంగ్లండ్ ఫొటోల్లో పెద్దది చేయించి గోడకు పెట్టుకున్నది అదొక్కటే.

రాన్‌వర్త్ చర్చి మధ్యాహ్నం చూడండి. లోపల 15వ శతాబ్దపు రంగుల చెక్కతెర ఉంది, ఫ్లాష్ వాడొద్దు. గోపురం ఎక్కాలంటే 89 ఇరుకు మెట్లు, ఆపైన నిచ్చెనలు. పిల్లలు పరుగెడతారు, పెద్దవాళ్ళను కిందే కూర్చోబెట్టండి.

బ్రాడ్స్‌కి లండన్ వాళ్ళకు రైలు అనుకూలం, లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి నార్విచ్ దాదాపు రెండు గంటలు. కానీ నార్విచ్ దాటాక కారు లేకపోతే హౌ హిల్ కష్టమే. అలాంటప్పుడు బ్రండల్ స్టేషన్‌లో దిగి స్ట్రంప్‌షా ఫెన్‌కి నడవండి.

ఆగస్టు తప్ప వీలుకాదంటారా? న్యూ ఫారెస్ట్

ఆగస్టులో నేను చెప్పేది ఒక్కటే పేరు. హ్యాంప్‌షైర్‌లోని న్యూ ఫారెస్ట్‌లో ఆ నెలలో మైళ్ళ కొద్దీ హెదర్ పూసి నేల ఊదారంగు తిరుగుతుంది. దాని మధ్య గుర్రాలు, పిల్లలతో సహా. తెల్లారగట్ట పొగమంచు ఉంటుంది, ఆగస్టు నడిమికి పొద్దు పొడిచేది ఆరింటి దగ్గర కాబట్టి పిల్లల్ని లేపడం కూడా సాధ్యమే.

విలియం రాజు 1079లో వేట కోసం కేటాయించుకున్న అడవి ఇది. అడవి గుర్రాలని అందరూ అంటారు గానీ ప్రతి గుర్రానికీ యజమాని ఉన్నాడు. మన ఊళ్ళలో ఉమ్మడి బీడులో పశువులు తోలుకున్నట్టే, ఇక్కడ కామనర్లు అనే హక్కుదారులు ఏటా రుసుము కట్టి గుర్రాల్ని మేపుకుంటారు. రుసుము కట్టిన గుర్రం తోక వెంట్రుకల్ని ఎజిస్టర్ అనే అధికారి మెట్లుమెట్లుగా కత్తిరిస్తాడు. ఒక్కో ఎజిస్టర్‌ది ఒక్కో రకం కత్తిరింపు. ఫొటో తీసేటప్పుడు తోక కూడా ఫ్రేములో ఉంచండి. వెయ్యేళ్ళ అడవి లెక్క ఆ తోక మీద ఉంది.

ఫోన్‌తో కూడా మంచి బొమ్మలొచ్చే చోటు ఇదే. కానీ దగ్గరగా వచ్చాయి కదా అని మేత పెట్టకండి, నిషేధం. తల్లీపిల్లల మధ్యకు వెళ్తే తన్నుతాయి. బ్యూలీ గ్రామంలో 1204 నాటి మఠం శిథిలాలున్నాయి, వీధిలో గాడిదలు తిరుగుతుంటాయి. స్పెల్లింగ్ చూసి బ్యూలియూ అనకండి, ఊరివాళ్ళు బ్యూలీ అనే అంటారు. లండన్ వాటర్లూ నుంచి బ్రాకెన్‌హర్స్ట్‌కి నేరుగా రైలుంది, స్టేషన్ బయటే గుర్రాలు కనిపించవచ్చు.

ఆగస్టులో పక్షులే కావాలంటే గ్యానెట్ల కోసం బెంప్టన్ వెళ్ళండి, అవి సెప్టెంబరు దాకా ఉంటాయి. ఇంత మాట ఆ రోజు నాకెవరైనా చెప్పి ఉంటే అమ్మ ప్రశ్నకు జవాబుండేది.

మరి కాట్స్‌వోల్డ్స్ సంగతేంటి అని తప్పకుండా అడుగుతారు. బైబరీ ఊళ్ళో ఆర్లింగ్టన్ రో ఇళ్ళు అందంగా ఉంటాయి, నిజమే. వేసవి మధ్యాహ్నం అక్కడ జనం కిక్కిరిసి ఉంటారు. వెళ్తే పొద్దున్న ఏడుకి ముందే వెళ్ళండి, లోపల మనుషులు కాపురం ఉంటున్నారు, కిటికీల్లోకి కెమెరా పెట్టొద్దు. చిల్టర్న్ కొండల్లో వెస్ట్ వికమ్ కూడా మంచిదే. కొండ మీద బంగారు గోళం ఉన్న చర్చి, దాని పైన చీలిన తోకతో తిరిగే రెడ్ కైట్‌లు. మన గద్దకు దగ్గరి బంధువులు. ఇంగ్లండ్‌లో పూర్తిగా అంతరించిపోతే 1989 నుంచి స్పెయిన్ పిల్లల్ని తెచ్చి చిల్టర్న్స్‌లో వదిలారు. కానీ అవి ఏడాదంతా ఉంటాయి. దాన్ని చలికాలపు ఆదివారానికి దాచుకోండి, వేసవి రోజు ఖర్చు చెయ్యకండి.

లెన్స్, బూట్లు, మర్యాద

లెన్స్ కొనడానికి ముందు చోటు తేల్చుకోండి. న్యూ ఫారెస్ట్‌కి ఫోన్ సరిపోతుంది. ఫార్న్‌కి, స్వాలోటెయిల్‌కి 70-300 బాగా పనిచేస్తుంది, నిజానికి పఫిన్ మరీ దగ్గరికొస్తే పెద్ద లెన్స్ అడ్డమే. బెంప్టన్‌లో గ్యానెట్‌కి అదే చాలు, పఫిన్‌కి 500 పైన కావాలి. ఒక్క వారం కోసం 150-600 కొనడం దండగ, అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. పాత కట్టడాల లోపల ట్రైపాడ్ చాలాచోట్ల ఒప్పుకోరు, నేషనల్ ట్రస్ట్ నేలల మీద డ్రోన్ అసలే కుదరదు.

మార్ష్ హారియర్, బిటర్న్, కింగ్‌ఫిషర్ లాంటి కొన్ని పక్షుల్ని గూటి దగ్గర కదిలించడం 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం నేరం. పక్షి మీ వైపే చూస్తూ అరుస్తుంటే మీరు దగ్గరికెళ్ళిపోయారని అర్థం, నాలుగడుగులు వెనక్కి వేయండి. పొలాల మధ్య పసుపు బాణం గుర్తున్న దారి అందరిదీ, నిశ్చింతగా నడవచ్చు. గడ్డిలో, ఫెర్న్ పొదల్లో కూర్చుని తీసేవాళ్ళు ప్యాంటు మేజోళ్ళలోకి దోపుకోండి. ఇక్కడి పిడుదులు లైమ్ జబ్బు మోసుకొస్తాయి. ఇంటికొచ్చాక పిల్లల మోకాలి మడతలు, చెవుల వెనక చూడడం మరవొద్దు.

కెమెరా లేని పెద్దవాళ్ళ చేతికి ఒక బైనాక్యులర్ ఇవ్వండి. కంటి దగ్గరి అద్దానికి ఫోన్ కెమెరా ఆనించి, బొమ్మ గుండ్రంగా కనిపించేదాకా మెల్లగా కదిపి, ఊపిరి బిగపట్టి నొక్కాలి. తర్వాతి ఏడు జూన్‌లో బెంప్టన్ కంచె దగ్గర అమ్మకు ఇది నేర్పాను. పదహారో ప్రయత్నానికి గూట్లో పిల్లను కప్పుకున్న గ్యానెట్ వచ్చింది, అంచుల్లో నల్లగా, మధ్యలో స్పష్టంగా. అమ్మ వాట్సాప్‌లో ఇప్పటికీ ఆ బొమ్మే ఉంది.